రెండు ప్రమాదాలు, ఒకే నొప్పి: నల్లగొండ కోర్టులో నా క్లెయిమ్ అనుభవం

నేను టైలర్‌ని. నల్లగొండలో ఇంటి ముందు గదిలో మిషన్ వేసుకుని పద్నాలుగేళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. తల వంచి చేసే పని ఇది. కటింగ్‌కి నడుము వంగాలి, మిషన్ మీద మెడ వంగాలి, హుక్స్ కుట్టేటప్పుడు ఇంకా వంగాలి. మెడ, నడుము పోతే నాలాంటి వాళ్లకు ఏం మిగులుతుందో మా వీధిలో ఎవరిని అడిగినా చెప్తారు. కోర్టులో మాత్రం ఆ మాట నిరూపించడానికి నాకు రెండేళ్లకు పైగా పట్టింది. చెయ్యో కాలో విరిగితే ఎక్స్‌రే చూపిస్తే సరిపోతుంది. నొప్పిని ఎలా చూపించాలి? ఈ ప్రశ్నతో నేను చాలా రాత్రులు నిద్రపోలేదు. ఇదే బాధలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

2022 నవంబర్, కార్తీక అమావాస్య. నేను, మా ఆయన బండి మీద చెర్వుగట్టు వెళ్లి జడల రామలింగేశ్వర స్వామి దర్శనం చేసుకుని తిరిగి నల్లగొండకు వస్తున్నాం. అమావాస్య కదా, రోడ్డంతా గట్టుకు వచ్చిపోయే బండ్లే. ముందు ఆటో స్లో అయితే మేమూ స్లో అయ్యాం. వెనక నుంచి కారు గుద్దింది. నేను ఎగిరి రోడ్డు పక్కన మట్టిలో వెల్లకిలా పడ్డాను. మా ఆయనకు మోకాలు చీరుకుపోయింది. నాకు మోచేయి గీసుకుపోయింది, అంతే. రక్తం పెద్దగా లేదు, ఎముక విరగలేదు. లేచి నిలబడి చీర దులుపుకున్నాను కూడా.

కారాయన దిగి మర్యాదగానే మాట్లాడాడు. "తప్పు నాదే అక్కా. కేసు గీసు వద్దు, దవాఖాన ఖర్చు మొత్తం నేను పెట్టుకుంటా" అన్నాడు. మూడు వేలు చేతిలో పెట్టి ఫోన్ నంబర్ ఇచ్చాడు. మనిషి మంచోడనిపించింది. సరే అన్నాం. మా ఆయన ఎందుకో కారు వెనక నుంచి ఒక ఫోటో తీశాడు, నంబర్ ప్లేట్ కనిపించేలా. ఆ రోజు మేము చేసిన ఒకే ఒక్క సరైన పని అది.

ఆ రాత్రి పన్నెండింటికి మెలకువ వచ్చింది. మెడ ఏ పక్కకూ తిరగడం లేదు. మూడో రోజుకు నడుములో నుంచి ఎడమ కాలి దాకా ఒకటే గుంజుడు, చేతి వేళ్లలో తిమ్మిరి. అత్తమ్మ భయపడి, "బెణికింది బిడ్డా, పసరు కట్టు కట్టిస్తే పోతది" అంది. మునుగోడు వైపు ఒక ఊర్లో పసరు కట్టే పెద్దాయన దగ్గరికి రెండుసార్లు తీసుకుపోయింది. అత్తమ్మను నేను తప్పు పట్టడం లేదు. మా ఇళ్లలో మొదటి వైద్యం అదే. కానీ పసరు కట్టుకు చీటీ ఉండదు, తేదీ ఉండదు. ఆ మొదటి పన్నెండు రోజులు నేను ఏ డాక్టర్‌కూ చూపించుకోలేదని తర్వాత కోర్టులో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

కారాయన నాలుగు రోజులు ఫోన్ ఎత్తాడు. తర్వాత ఎత్తలేదు. వారం దాటాక స్విచ్ఛాఫ్. పన్నెండు రోజులు గడిచాక పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. ఇన్ని రోజులు ఎందుకు రాలేదని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఫిర్యాదు రాసే చోట ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు: ఆలస్యం ఎందుకైందో ఫిర్యాదులోనే రాయమ్మా, రాయకుండా వదిలేస్తే తర్వాత దాన్నే పట్టుకుంటారు అని. కారు యజమాని ఖర్చులు పెట్టుకుంటానని నమ్మించాడనీ, నొప్పి తర్వాత పెరిగిందనీ, ఫోన్ స్విచ్ఛాఫ్ అయ్యాకే వచ్చామనీ రాయించాం. ఆ మూడు వాక్యాలే తర్వాత మమ్మల్ని కాపాడాయి. కారుకు ఇన్సూరెన్స్ ఉందో లేదో మా మేనల్లుడు ఎం పరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి చూశాడు. ఉంది. ప్రమాదం రోజుకు గడువు కూడా ఉంది.

పోలీసులు చీటీ ఇచ్చి సర్కారు దవాఖానకు పంపారు. నాకు ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు కాబట్టి గాయం సర్టిఫికెట్‌లో 'సింపుల్' అని రాశారు. కేసు కూడా అప్పటి ఐపీసీ 337 కింద, అంటే మామూలు గాయం కిందే పెట్టారు. ఆ మాట విలువ నాకు అప్పుడు తెలియదు. విరగకపోయినా, ఇరవై రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా దాన్ని తీవ్ర గాయం కిందే లెక్కించాలని ఐపీసీ 320లో ఉండేది. ఐపీసీ స్థానంలో ఇప్పుడు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ ఇరవై రోజులను పదిహేనుకు తగ్గించారు. నేను ప్రమాదం రోజు నుంచీ మిషన్ ముట్టుకోలేదు. ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలని, ఓపీ చీటీ మీద రాయించుకోవాలని నాకు తట్టలేదు. "నొప్పి ఉంది సార్" అన్నాను, మాత్రలు రాశారు, వచ్చేశాను. మీరెవరైనా డాక్టర్ దగ్గరికి వెళితే నొప్పి ఉందని చెప్పి ఊరుకోకండి. ఏ పని చేయలేకపోతున్నారో చెప్పండి, ప్రమాదం ఏ రోజు జరిగిందో చెప్పండి. రెండూ చీటీ మీద పడేలా అడగండి.

2023 జనవరిలో హైదరాబాద్ తీసుకుపోయారు. మెడకు, నడుముకు కలిపి ఎంఆర్ఐ పదకొండు వేలు అయింది. అత్తమ్మ మెడలోని గొలుసు కుదువ పెట్టి కట్టాం. రిపోర్టులో మెడ దగ్గర సీ5-సీ6, నడుము దగ్గర ఎల్4-ఎల్5 మధ్య డిస్కులు ఉబ్బి నరాన్ని తాకుతున్నాయని వచ్చింది. కింద ఇంకో లైను ఉంది: వయసుతో వచ్చే అరుగుదల మార్పులు కూడా ఉన్నాయని. మెడకు కాలర్, నడుముకు బెల్టు, ఆరు వారాలు ఫిజియోథెరపీ రాశారు. బరువులు ఎత్తొద్దు, వంగి పని చేయొద్దు అన్నారు. వంగకుండా బ్లౌజు ఎలా కుడతారు?

ఆ దవాఖాన వరండాలోనే ఒకతను కలిశాడు. మా చేతిలోని ఫైలు చూసి పక్కన కూర్చున్నాడు. "యాక్సిడెంట్ కేసా అక్కా? ఫైలు నాకియ్యి, అంతా నేనే చూస్కుంట. మీరు ఒక్క రూపాయి పెట్టొద్దు. వచ్చిన దాంట్ల ముప్పై పర్సెంట్ ఇయ్యండి." తర్వాత గొంతు తగ్గించి, నలభై శాతం వైకల్యం సర్టిఫికెట్ కూడా తెప్పిస్తానని, దానికి వేరే ఖర్చవుతుందని చెప్పాడు. నిజం చెప్పాలంటే రెండు రాత్రులు దాని గురించే మాట్లాడుకున్నాం. ఇంట్లో పైసలు లేవు, గొలుసు బ్యాంకులో ఉంది, నా చేయి ఆగిపోయింది. ఆశపడ్డాం. కానీ నాకు ఒకటే భయం. నా నొప్పి నిజం. దానికి ఒక్క అబద్ధం కలిపినా, రేపు ఆ అబద్ధం బయటపడితే నిజమైన నొప్పిని కూడా ఎవరూ నమ్మరు.

నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఒక టీచరమ్మ నన్ను దారిలో పెట్టింది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారని, జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుందని చెప్పింది. న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌లో ఆ హక్కు ఉంది. ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, ఇంకా కొందరికి కూడా ఉంది. ఎటు వెళ్లాలో తెలియకపోతే 15100కి ఫోన్ చేస్తే చెప్తారు. ఆధార్, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని వెళ్లి దరఖాస్తు రాసిచ్చాను. కొన్ని రోజుల్లో ప్యానెల్ వకీలు మేడంను ఇచ్చారు. ఆమెకు దవాఖానలో కలిసిన మనిషి సంగతి చెప్పాను. వకీళ్లు వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధమని, అలాంటి వాళ్ల చేతికి ఒరిజినల్ కాగితం ఒక్కటి కూడా ఇవ్వొద్దని గట్టిగా చెప్పారు.

పిటిషన్ వేయడం పెద్ద కష్టమేం కాలేదు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద వేశారు. జిల్లా జడ్జి గారి కోర్టే ట్రిబ్యునల్‌గా వింటుంది. ప్రమాదం జరిగిన చోట అయినా, మనం ఉండే చోట అయినా వేసుకోవచ్చు. గడువు మాత్రం చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వేయాలి. మేము ఐదో నెలలో, 2023 ఏప్రిల్‌లో వేశాం. కారు యజమాని మొదటి ప్రతివాది, ఇన్సూరెన్స్ కంపెనీ రెండో ప్రతివాది. పది లక్షలు అడిగాం. పది లక్షలంటే నాకు భయమేసింది. అడిగినదంతా ఇవ్వరమ్మా, అయినా అడగాలి అన్నారు మేడం.

ఇంతలో రెండోది జరిగింది.

2023 జులైలో ఒక రోజు గడియారం సెంటర్ నుంచి పానగల్‌కు షేర్ ఆటోలో వెళ్తున్నాను. పచ్చల సోమేశ్వరాలయం వైపు మా పిన్ని వాళ్ల ఇల్లు. ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీని మా ఆటో గుద్దింది. డ్రైవర్ ఫోన్ మాట్లాడుతున్నాడు. నేను కింద పడలేదు, కానీ మెడ ఒక్కసారి ముందుకు పోయి వెనక్కి వచ్చింది. అప్పుడప్పుడే కాలర్ తీసేసి రోజుకు రెండు బ్లౌజులు కుట్టే స్థితికి వచ్చాను. మళ్లీ మొదటికి వచ్చింది. ఆ ఆటోలో కూర్చునే ఏడ్చాను, నొప్పికి కాదు, మళ్లీ మొదలుపెట్టాలనే దిగులుకు.

ఈసారి మాత్రం అన్నీ తెలుసు. అదే రోజు దవాఖానకు వెళ్లాను. అదే రోజు ఫిర్యాదు ఇచ్చాను. ఆటో నంబర్, పక్కన కూర్చున్న ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకున్నాను. డాక్టర్‌తో పాత ప్రమాదం సంగతి దాచకుండా చెప్పాను. "పాత నొప్పి ఉంది, ఈ రోజు దెబ్బతో పెరిగింది" అని చీటీ మీద రాశారు. దాన్ని చూసి మా ఆయనకు టెన్షన్ పట్టుకుంది. పాత నొప్పి సంగతి ఎందుకు చెప్పావు, ఇప్పుడు రెండు కేసులూ పోతాయి కదా అన్నాడు.

ఆయన భయం పూర్తిగా తప్పేం కాదు. ఆటో మీద రెండో పిటిషన్ వేశాక రెండు ఇన్సూరెన్స్ కంపెనీల కౌంటర్లు, అంటే వాళ్లు కోర్టుకిచ్చిన జవాబులు, పక్కపక్కన పెట్టి చదివాం. కారు కంపెనీ ఏమందంటే, ఆమె నొప్పంతా ఆటో ప్రమాదం వల్ల వచ్చింది, మాకు సంబంధం లేదు అని. ఆటో కంపెనీ ఏమందంటే, ఆమెకు నొప్పి ముందు నుంచే ఉంది, కారు ప్రమాదం వల్ల వచ్చింది, మాకు సంబంధం లేదు అని. ఇద్దరూ కలిసి ఇంకో మాట అన్నారు: అసలు అది వయసు అరుగుదల అని. ఇద్దరి మధ్యలో నా మెడ ఎవరిదీ కాకుండా పోయింది.

మేడం కంగారు పడలేదు. ఒక పెద్ద కాగితం తీసుకుని అడ్డంగా గీత గీశారు. గీత మీద 2022 నవంబర్ ఒక చుక్క, 2023 జులై ఇంకో చుక్క. "ఈ రెండింటి మధ్య నీ దగ్గర ఏమేం కాగితాలున్నాయో అన్నీ తీసుకురామ్మా" అన్నారు. ఇంట్లో బీరువా, బియ్యం డబ్బా కింద కవరు, మా ఆయన బండి డిక్కీ అన్నీ వెతికాను. ఎనిమిది ఓపీ చీటీలు, మందుల బిల్లులు, జనవరి ఎంఆర్ఐ దొరికాయి. ఆ జనవరి ఎంఆర్ఐ ఆటో ప్రమాదానికి ఆరు నెలల ముందుది. డిస్కు ఉబ్బు అప్పటికే అందులో ఉంది. జులై తర్వాత తీసిన ఎంఆర్ఐలో కొత్త చోట ఏమీ రాలేదు, అవే డిస్కులు. అంటే మూల కారణం కారు ప్రమాదం, ఆటో వల్ల కొన్నాళ్లు నొప్పి పెరిగింది. నేను చీటీ మీద రాయించిన నిజం, ఈ రెండు రిపోర్టులు ఒకే మాట చెప్పాయి. దాచి ఉంటే చీటీ ఒకటి చెప్పేది, ఎంఆర్ఐ ఇంకొకటి చెప్పేది. మా ఆయన అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

దొరకని కాగితాలూ ఉన్నాయి. ఫిజియోథెరపీకి రోజుకు మూడు వందల చొప్పున చాలా రోజులు కట్టాను. ఫిజియోథెరపీ ఆయన నోటు పుస్తకం చింపిన ముక్క మీద పైసలు ముట్టినట్టు రాసిచ్చేవాడు. పేరు లేదు, తేదీ లేదు, ముద్ర లేదు. అవేవీ లెక్కలోకి రాలేదు. మొత్తం లక్షా పది వేల దాకా ఖర్చయితే చివరికి కోర్టు ఒప్పుకున్నది 72,400. మిగతాది మా అజాగ్రత్తకు పోయింది.

సాక్ష్యం చెప్పిన రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను అందుకు సిద్ధంగా లేను. ముందుగా మన సాక్ష్యం అఫిడవిట్‌గా ఇస్తారు. తర్వాత ఇన్సూరెన్స్ వకీలు క్రాస్ చేస్తారు, అంటే ఎదురు ప్రశ్నలు వేస్తారు. మొదట మామూలు ప్రశ్నలే. హెల్మెట్ పెట్టుకున్నారా? లేదు. దెబ్బ తలకు తగలలేదు కదా అని మేడం అప్పుడే చెప్పారు. మీ భర్త సడన్ బ్రేక్ వేశాడు కదా? లేదు, ముందు ఆటో స్లో అయింది. వెనక కూర్చున్న మనిషికి బండి నడిపిన వాళ్ల తప్పు అంటుకోదని, రెండు బండ్ల తప్పు ఉన్నా ఏ ఒక్కరి నుంచైనా పూర్తి పరిహారం అడగొచ్చని మేడం ముందే చెప్పారు కాబట్టి ఆ ప్రశ్నలకు భయపడలేదు.

తర్వాత ఆ వకీలు ఒక ఫోటో బయటికి తీశారు. 2023లో సద్దుల బతుకమ్మ నాటి ఫోటో. మా వీధి అమ్మాయి ఫేస్‌బుక్‌లో పెట్టింది. అందులో నేను పట్టు చీర కట్టుకుని చేతుల్లో పెద్ద బతుకమ్మ పట్టుకుని నవ్వుతున్నాను.

"ఇది మీరేనా?"

"నేనే సార్."

"మెడ తిప్పలేను, బరువు ఎత్తలేను అన్నారు. మరి బతుకమ్మ ఎట్లా ఎత్తారు? ఎట్లా ఆడారు?"

ఒక్క నిమిషం నోట మాట రాలేదు. చేయని తప్పుకు దొరికిపోయినట్టు అనిపించింది. తర్వాత జరిగినదే చెప్పాను. ఆ బతుకమ్మ మా ఆడపడుచు బిడ్డది. ఫోటో కోసం నా చేతుల్లో పెట్టింది, పెట్టినంత సేపు కూడా పట్టుకోలేదు. నేను పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి సద్దుల నాడు రాత్రి పదకొండు దాకా ఆడేదాన్ని. వంగి చప్పట్లు కొట్టి తిరిగే ఆట అది. ఆ సంవత్సరం మొదటిసారి కుర్చీ వేసుకుని కూర్చుని పాట అందుకున్నాను. కాళ్లు కదలలేదు. కావాలంటే అదే అమ్మాయి పెట్టిన మిగతా ఫోటోలు చూడండి సార్, అన్నింట్లో కుర్చీలోనే ఉంటాను అన్నాను. చెప్తుంటే గొంతు వణికింది. జడ్జి గారు నీళ్లు తాగమన్నారు. ఆ వకీలు ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

ఇంటికొచ్చి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. నొప్పి ఉన్న మనిషి పండగ నాడు నవ్వకూడదా? అదే నా బాధ. కేసు నడుస్తున్నప్పుడు మీ ఫోటోలు ఎవరు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. దాచమని నేను చెప్పడం లేదు. అడిగితే ఆ రోజు ఏం జరిగిందో చెప్పగలిగేలా ఉండండి.

డాక్టర్ సాక్ష్యం కూడా మేము అనుకున్నట్టు ఏకపక్షంగా ఏం రాలేదు. డిస్కు ఉబ్బు నొప్పి లేని వాళ్లకు కూడా స్కానింగ్‌లో కనిపిస్తుంది, ముప్పై ఏడేళ్లకు అరుగుదల మొదలవడం వింత కాదు అని ఒప్పుకున్నారు. అప్పుడు నా గుండె జారింది. కానీ మేడం అడిగిన రెండు ప్రశ్నలకు ఆయన స్పష్టంగా చెప్పారు. ప్రమాదానికి ముందు ఈ నొప్పికి వైద్యం చేయించుకున్న దాఖలా ఉందా? లేదు. లోపల నిద్రపోతున్న అరుగుదల ప్రమాదపు కుదుపుతో నొప్పిగా బయటపడొచ్చా? పడొచ్చు.

వైకల్యం సంగతి. సర్కారు దవాఖాన మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాను. మెడ ఎంత వంగుతుంది, నడుము ఎంత వంగుతుంది, కాలు లేపితే ఎక్కడ గుంజుతుంది, అన్నీ చూసి 12 శాతం అని ఇచ్చారు. నలభై శాతం ఆశ చూపిన మనిషి గుర్తొచ్చాడు. పన్నెండు అంటే చాలా తక్కువనిపించి ఆ రోజు దిగులుపడ్డాను. మేడం అప్పుడు సుప్రీంకోర్టు రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసు గురించి చెప్పారు. శరీరానికి వచ్చిన వైకల్యం ఎంత శాతం అన్నది ఒకటి, దానివల్ల ఆ మనిషి సంపాదన ఎంత శాతం పోయింది అన్నది వేరే ఒకటి అని 2010లో ఆ తీర్పు చెప్పింది. ఒకే దెబ్బ కుర్చీలో కూర్చుని అధికారం చేసే మనిషికి ఒకలా, చేతులతో పని చేసే మనిషికి ఒకలా తగులుతుంది. కాబట్టి పన్నెండు అని బాధపడొద్దు, నువ్వు రోజుకు ఎన్ని బ్లౌజులు కుట్టేదానివి, ఇప్పుడు ఎన్ని కుడుతున్నావో అది చూపిద్దాం అన్నారు.

అది చూపించడానికి నా కొలతల పుస్తకమే పనికొచ్చింది. ఛాతీ, నడుము, చేతి పొడవు పక్కన పేరు, తేదీ, రేటు, అడ్వాన్స్ ఎంత, బాకీ ఎంత అని రాసుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. పాత పుస్తకాలు మూడు దొరికాయి. దాంతో పాటు బ్యాంకులో ఫోన్‌పే డబ్బులు పడిన స్టేట్‌మెంట్ తీయించాం. 2022 దసరా, పెళ్లిళ్ల నెలల్లో వరసగా పడ్డ డబ్బులు నవంబర్ తర్వాత నాలుగు నెలలు ఆగిపోయాయి. స్టేట్‌మెంట్ చూస్తే చాలు, ఎక్కడ మిషన్ ఆగిందో తెలుస్తుంది. నాకు నెలకు పద్నాలుగు వేల దాకా వచ్చేది. సగం మంది నగదు ఇచ్చేవాళ్లు కాబట్టి అంతా రుజువు కాలేదు. కోర్టు 9,000 దగ్గర ఆగింది. ఇంటి దగ్గర పని చేసే ఆడవాళ్ల సంపాదన అంటే ఇంకా తక్కువే వేస్తారని తర్వాత తెలిసింది.

ఇంకో చిన్న విషయం, చాలా పెద్ద తేడా తెచ్చింది. నా ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి ఒకటి అని, వయసు నాలుగేళ్లు ఎక్కువ పడి ఉంది. అప్పట్లో కార్డు దించిన చోట అలా వేశారు. దాని ప్రకారం ప్రమాదం నాటికి నాకు 41. పదో తరగతి మెమో ప్రకారం 37. నలభై దాటితే పరిహారం లెక్క రెండు చోట్ల తగ్గుతుంది. వయసును బట్టి గుణించే సంఖ్య 36 నుంచి 40 వరకు 15, 41 నుంచి 45 వరకు 14. భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద సొంత పని చేసుకునే వాళ్లకు నలభై లోపు 40 శాతం కలుపుతారు, నలభై దాటితే 25 శాతమే. 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇలాంటి ప్రమాద పరిహారం కేసులోనే ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని, స్కూల్ సర్టిఫికెట్‌నే చూడాలని చెప్పింది. మేడం ఆ తీర్పు పెట్టారు. అత్తమ్మ ఇనుప పెట్టెలో అడుగున దాచిన నా పదో తరగతి మెమో విలువ యాభై వేలకు పైనే అని ఆ రోజు తెలిసింది.

ఆటో కేసు 2024 డిసెంబర్ జాతీయ లోక్ అదాలత్‌లో 60,000కు రాజీ చేసుకున్నాం. తక్కువే. కానీ దాని వల్ల వచ్చిన నష్టం కొన్ని నెలలది, వైద్యం ఖర్చు కూడా కొద్దిదే. లోక్ అదాలత్‌లో సంతకం పెట్టాక దాని మీద అప్పీలు ఉండదు, కాబట్టి ఆలోచించుకుని పెట్టాలి. మాకు ఇంకో జాగ్రత్త అవసరమైంది. వాళ్లు మొదట రాసుకొచ్చిన కాగితంలో మెడ, నడుము నొప్పులకు సంబంధించి అన్ని క్లెయిములూ తీరినట్టు ఉంది. మేడం అది కొట్టేసి, ఫలానా తేదీన ఆటో ప్రమాదం వల్ల కలిగిన నష్టానికి మాత్రమే అని రాయించారు. ఆ ఒక్క లైను చూడకుండా సంతకం పెట్టి ఉంటే కారు కేసు వాళ్లు దాన్ని పట్టుకునేవారు. అదే లోక్ అదాలత్‌లో కారు కంపెనీ కూడా లక్షన్నరకు రాజీకి వచ్చింది. మేము ఒప్పుకోలేదు. ఆ రాత్రి మా ఆయన, నేను ఒప్పుకుని ఉంటే బాగుండేదా అని చాలాసేపు మాట్లాడుకున్నాం.

2025లో తీర్పు వచ్చింది. లెక్క ఇలా వేశారు. నెలకు 9,000. దానికి 40 శాతం కలిపితే 12,600. ఏడాదికి 1,51,200. సంపాదన నష్టం 15 శాతం అని తీసుకున్నారు. బోర్డు ఇచ్చిన 12 కంటే ఎక్కువ, నా పనిని చూసి. అంటే ఏడాదికి 22,680. దాన్ని 15తో గుణిస్తే 3,40,200. నాలుగు నెలలు పని ఆగినందుకు 36,000, వైద్యం 72,400, నొప్పి బాధలకు 50,000, రాకపోకలు, తిండి, తోడున్న మనిషి ఖర్చు కలిపి 25,000. మొత్తం 5,23,600, పిటిషన్ వేసిన రోజు నుంచి ఏడున్నర శాతం వడ్డీ. ఆధార్ వయసే తీసుకుని ఉంటే మొదటి మొత్తం 2,83,500 దగ్గరే ఆగేది.

అప్పీలుకు తొంభై రోజులు గడువు ఉంటుంది. ఆ తొంభై రోజులూ పోస్ట్‌మన్ వస్తే చాలు గుండె దడ. అప్పీలుకు వెళ్లలేదు, డబ్బు డిపాజిట్ చేశారు. నా బ్యాంకు ఖాతాలో పడింది. ఎవరికీ ముప్పై పర్సెంట్ ఇవ్వలేదు.

ఇప్పుడు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు లక్షన్నర వరకు నగదు కట్టకుండా వైద్యం చేసే పథకం కేంద్రం 2025 మేలో తెచ్చింది. మా అప్పుడు అది లేదు. ఉంటే మొదటి రోజే దవాఖానలో చేరేవాళ్లమేమో, ఆ పన్నెండు రోజుల ఖాళీ ఉండేది కాదేమో.

వచ్చిన డబ్బుతో ముందు అత్తమ్మ గొలుసు విడిపించాం. తర్వాత వడ్రంగిని పిలిచి కటింగ్ టేబుల్ ఎత్తు పెంచాను, నిలబడి వంగకుండా కత్తిరించేలా. తొక్కే మిషన్ తీసేసి మోటారు మిషన్ కొన్నాను. పక్క వీధి అమ్మాయి ఒకరు వచ్చి చేతి కుట్టు, హుక్స్ చేస్తోంది, బ్లౌజుకు ఇంత అని ఇస్తున్నాను. ముప్పావు గంటకు ఒకసారి లేచి ఫిజియోథెరపీ ఆయన నేర్పినట్టు గోడకు వీపు ఆనించి నిలబడతాను. రోజుకు నాలుగు బ్లౌజులు అవుతున్నాయి. ముందు ఏడు అయ్యేవి. చలికాలం పొద్దున లేవగానే ఎడమ చేతి వేళ్లు ఇంకా తిమ్మిరెక్కుతాయి, సూదిలో దారం ఆ అమ్మాయే ఎక్కిస్తుంది.